భూమి పెట్టిన రొట్టె

ఐస్‌లాండ్ ఉత్తరాన, దోమల సరస్సు పక్కనున్న ఆ ఊళ్ళో ఏ సంగతైనా తేలేది ఈతకొలను దగ్గరి వేడినీళ్ళ తొట్టిలోనే. ఊరికి ఆఫీసుంది, చర్చి ఉంది, కానీ మెడ దాకా వేడినీళ్ళలో కూర్చుని, నెత్తిమీద మంచు తుంపర పడుతుండగా అనుకున్న మాటకున్న విలువ ఇంకెక్కడి మాటకీ లేదు. ఓనరైనా డ్రైవరైనా అందులో దిగాక ఒకే నీళ్ళలో కాళ్ళు చాపుకోవాల్సిందే.

ఆ సాయంత్రం ఓర్వర్ అందరికంటే ముందొచ్చి, హల్లా ఎప్పుడూ కూర్చునే మూలకి సరిగ్గా ఎదురుగా చోటు పట్టాడు. హల్లా అతనితో బళ్ళో చదువుకున్న మనిషి, ఇప్పుడు రెండు బస్సులకి యజమానురాలు. యాత్రికుల్ని పొద్దున ఎక్కించుకుని లావా బీళ్ళూ, జలపాతం, వేడినీటి మడుగులూ చూపించి సాయంత్రానికి దింపడం ఆమె వ్యాపారం. అందులో ఒక బస్సుకి ఓర్వర్ పదిహేనేళ్ళుగా డ్రైవరు. నిన్న బయల్దేరిన కాసేపటికే గైడుకి గొంతు పూడిపోయి, ఇక ఈ పని తనవల్ల కాదని దిగిపోతే, మైకు ఓర్వర్ చేతికొచ్చింది. ఇక రాజధాని నుంచి కొత్త గైడుని తెప్పించాలా, మైకు కూడా ఓర్వర్‌కే ఇచ్చెయ్యాలా అన్నది హల్లా ఈ పూట తేల్చుకుంటానంది.

ఇన్నేళ్ళూ ఎవరెవరో చప్పచప్పగా చెప్పే కబుర్లు వింటూ నోరు కట్టుకుని బస్సు నడిపినవాడు ఓర్వర్. ఆ మైకు మీద అతనికి ఎంత ఆశంటే, రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. కాకపోతే ఒక చిక్కుంది. నిన్న సాయంత్రానికి రావాల్సిన బస్సు బాగా చీకటి పడ్డాక వచ్చింది.

"ముందు ఆ ఆలస్యం సంగతి చెప్పు," అంది హల్లా, ఉన్ని టోపీ చెవుల మీదకి లాక్కుంటూ.

"చెబుతా. మొదట్నుంచీ చెప్పకపోతే అది నీకర్థం కాదు," అన్నాడు ఓర్వర్. తొట్టిలో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు కోల్బెయిన్, జీవితమంతా చేపల పడవల మీద కోతలు కోసి రిటైరైన ముసలాయన. ఇంకొకరు స్వావా, ఓర్వర్‌కి పిన్ని, తల్లి పోయాక అతన్ని పెంచింది కూడా ఆవిడే. గడ్డం దాకా నీళ్ళలో మునిగి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

"నేను చేసిందేం లేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. మైకు చేతికొచ్చింది, నాలుగు ముక్కలు చెప్పాను, అంతే. అయితే లావా బీడు దగ్గరికొచ్చేసరికి పొగమంచు పట్టేసింది. మీరు చూసిన పొగమంచు కాదు, వైపర్లు వేస్తే వైపర్లే విరిగాయి. నేనేం చేశాను, కిటికీ దించి, చెయ్యి బయటపెట్టి, రాళ్ళని తడుముకుంటూ పోనిచ్చాను. రాయిని ముట్టుకుంటే దాని వయసు చెప్పేస్తాను కదా నేను. ఇది నున్నగా ఉంది, మా ముత్తాత నాటిది, ఎడమకి తిప్పు. ఇది గరుగ్గా ఉంది, మా అమ్మ పెళ్ళినాటిది, కుడికి తిప్పు. ఒకచోట చెయ్యి చురుక్కుమంది. అది ఇంకా పుట్టని లావా, వచ్చే ఏడాదిది."

"బస్సు కిటికీలోంచి నీ చెయ్యి నేలకందిందా?" అన్నాడు కోల్బెయిన్.

"వంగాను తాతా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జలపాతం దగ్గరికెళ్తే నీళ్ళు కింద పడటం లేదు, పైకెళ్తున్నాయి."

గాలికి నీళ్ళు పైకి లేవడం కొత్తేమిటి, ప్రతి చలికాలం లేస్తూనే ఉంటాయని కోల్బెయిన్ గొణిగాడు. పడవ రోజుల్లో తను చూసినవాటి ముందు ఇదెంత అని కూడా మొదలెట్టబోయాడు గానీ, ఓర్వర్ ఆయనకి సందివ్వలేదు.

"లేస్తాయి, నేనూ కాదన్లేదు. కానీ మళ్ళీ దిగుతాయి కదా. నిన్న దిగలేదు. నది మొత్తం పోయి మబ్బుల్లో కూర్చుంది. అడుగున చేపలు పొడి రాళ్ళ మీద నిలబడి ఇప్పుడెలాగ అన్నట్టు నావంక చూస్తున్నాయి. యాత్రికులేమో మొహాలు వేలాడేశారు. నేను మైకు పట్టుకుని దిగి, పైకి చూసి అడిగాను. అమ్మా, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చుట్టాలు, వాకిట్లో నిలబెట్టి పంపించేస్తావా అని. మర్యాద తెలిసిన నది, ఒక్కసారిగా దిగింది. ఫోటోలు తీసుకోవడానికి మధ్యలో కాసేపు ఆగింది కూడా."

హల్లా పెదవి కొస కాస్త కదిలింది. ఓర్వర్ అది చూశాడు. చూశాక ఇక అతన్ని పట్టుకోవడం ఎవరి తరం.

ఆ యాత్రకి అసలు ఆకర్షణ మధ్యాహ్నపు రొట్టె. సరస్సు ఒడ్డున ఆవిరి కక్కే నేలలో రై ధాన్యపు పిండి కలిపిన డబ్బా పాతిపెడితే, నేల వేడికే మెల్లగా ఉడికి నల్లటి తియ్యటి రొట్టె అవుతుంది. అతిథుల కళ్ళముందే దాన్ని తవ్వి తీసి, వెన్నా, పొగబెట్టిన చేపా పెట్టి వడ్డించాలి. ఆ పిండి కలిపేదీ, రోజూ పొద్దున్నే వెళ్ళి పాతేదీ స్వావా పిన్నే.

"పిన్ని రొట్టె మీరందరూ తిన్నదే. నిన్నటిది మాత్రం వేరు. రోజూ పారతో పొడిచి పొడిచి చెమటలు పట్టేవి గైడులకి, నిన్న నేను పార ఆనించానో లేదో, నేల వెన్నలా విచ్చుకుంది. డబ్బా తనంతట తనే, తీసుకో నాయనా అన్నట్టు పైకి జరిగింది. మూత తీస్తే ఏం మెత్తదనం, కత్తితో పని లేదు, గరిటెతో వడ్డించాను. ఒక డచ్చాయన పళ్ళెం నాకేశాడు. ఒకావిడైతే, చిన్నప్పుడు వాళ్ళమ్మ పోసిన జావ గుర్తొచ్చిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నలభై మంది తిన్నారు, డబ్బా తరగలేదు. నేను మాత్రం చిటికెడు ముట్టుకోలేదు. అతిథి తినాలి, గైడు చూసి మురవాలి, అదీ పద్ధతి."

స్వావా కళ్ళు తెరిచింది. "గరిటెతోనా?"

"గరిటెతోనే పిన్నీ. అంతా నీ చేతి చలవ."

ఆవిడ మళ్ళీ గడ్డం దాకా మునిగింది గానీ, ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఇప్పుడు విను హల్లా, ఆలస్యం ఇక్కడే మొదలైంది. ఆ రొట్టె లోపలికెళ్ళాక వాళ్ళకి మన నేల మీద ఎంత భక్తి పుట్టుకొచ్చిందంటే, బస్సులో కూర్చోలేకపోయారు. ఆపమంటారు, దిగుతారు, పరిగెడతారు, ఒక్కొక్కరూ ఒక్కో లావా బండ వెనక్కి. గుంపుగా కాదు, ఒంటరిగా. ఒక్కరి చేతిలో కెమెరా ఉంటే ఒట్టు. చాలాసేపటికి తిరిగొస్తారు, మొహంలో ఒక రకమైన శాంతి. కాస్త దూరం పోతామో లేదో, మళ్ళీ ఇంకో బండ. వేడినీటి మడుగు దగ్గరా అంతే, అంత చక్కటి నీలం నీళ్ళు వదిలేసి, అందరూ మరుగుదొడ్డి ముందు వరస కట్టారు. ఆ కిటికీలోంచి కొండ బాగా కనిపిస్తుందని నేనే చెప్పాను లే. పదిహేనేళ్ళలో మన రాళ్ళని ఇంత దగ్గరగా చూసినవాళ్ళని నేను చూళ్ళేదు."

"పాపం," అన్నాడు కోల్బెయిన్.

"ఆగు తాతా, అసలుది ముందుంది. చీకటి పడుతుంటే తిరిగొస్తున్నాం, గడగడమని మోత. ముందు సన్నగా, తర్వాత బస్సు బస్సంతా. కొండ లేచిందని నాకర్థమైపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అందరూ పొట్టలు పట్టుకుని వంగిపోయి ఉన్నారు, భయంతో. ఎదురుగా లావా వస్తోంది, ఎర్రగా, రోడ్డు రోడ్డంతా. ఇంకోడైతే బస్సు వెనక్కి తిప్పేవాడు. నేను బస్సుని అడ్డం పెట్టి మైకుతో దిగాను. వైరు కూడా నా మాట విని సాగింది. చూడమ్మా, వీళ్ళకి రేపు పొద్దున విమానం ఉంది, నీకేమో ఇంకో వెయ్యేళ్ళు ఖాళీ, ఈ పూటకి పక్కకి తప్పుకో అన్నాను. ఆగింది. ఆలోచించుకుంది. ఈలోపు నా కాఫీ చల్లారిపోతే గ్లాసు దాని అంచున పెట్టి వెచ్చబెట్టుకున్నాను. ఆ కాఫీ అయ్యేలోపు లావా మొత్తం వచ్చిన దారినే కొండెక్కి, లోపలికి దిగి, నోరు మూసుకుంది. మోత ఒక్కటే, ఎందుకో గానీ, ఊరొచ్చేదాకా బస్సులో వినపడుతూనే ఉంది. మరి కొండని లోపలికి పంపించి రావాలంటే కాస్త ఆలస్యం కాదా?"

చెప్పడం అయ్యాక ఓర్వర్ రెండు చేతులూ తొట్టి అంచు మీద చాపి వెనక్కి వాలాడు. ఛాతీ నీళ్ళ పైకి వచ్చింది, చలి కూడా తెలియలేదు. ఇంత బాగా తను ఎన్నడూ చెప్పలేదని అతనికే అనిపించింది. మైకు చేతిలోకి వచ్చేసినట్టే ఉంది.

"ఒరే నాన్నా," అంది స్వావా. "ఏ రాయి కింద తవ్వావు?"

"రాయేంటి పిన్నీ?"

"రెండు గోతులుంటాయి కదరా. తీసుకోవాల్సిన దాని మీద ఎర్రరాయి పెడతాను, ఆ పొద్దున పాతినదాని మీద నల్లరాయి. చిన్నప్పుడు ఆ రాళ్ళు నీ చేతే పెట్టించేదాన్ని."

తను పక్కకి తీసిపెట్టిన రాయి ఓర్వర్‌కి గుర్తొచ్చింది. బాగా నల్లగా ఉంది. రాయిని ముట్టుకుని వయసు చెప్పే మనిషికి దాని రంగు పట్టించుకోవాలని అప్పుడు తోచలేదు.

"నేల నీకు వెన్నలా విచ్చుకోవడం ఎందుకంటే, నేను పొద్దున్నే తవ్వి పూడ్చాను కాబట్టి," అంది స్వావా నెమ్మదిగా. "ఆ పిండి ఉడకాలంటే మర్నాటిదాకా ఉండాలి. నువ్వు మధ్యాహ్నానికే తీసి గరిటెతో పెట్టేశావు. అసలు రొట్టె ఎర్రరాయి కింద ఇంకా అలాగే ఉంది. పాపం ఆ జనం బండల వెనక్కి వెళ్ళింది భక్తితో కాదు."

ముందు అందుకున్నది కోల్బెయినే. "అయితే బస్సులో మోగింది కొండ కాదన్నమాట," అని నవ్వడం మొదలెట్టి, నీళ్ళు మింగి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. స్వావాకీ నవ్వాగలేదు. ఓర్వర్ ఛాతీ మెల్లగా నీళ్ళలోకి దిగింది. వేడినీళ్ళలో ఉన్నా ఒళ్ళంతా చల్లబడిపోయింది. హల్లా ఒక్కత్తే నవ్వడం లేదు. ఇక మైకు రాజధానివాడిదే, తను బతికున్నన్నాళ్ళూ నోరు మూసుకుని బస్సు నడపాల్సిందే అనుకున్నాడు.

"రాత్రి బస్సు దగ్గర నేనున్నాను," అంది హల్లా. "కడుపులు పట్టుకుని, పాలిపోయి దిగారు. దిగినవాళ్ళు దిగినట్టే ఒక్కొక్కరూ నీ చెయ్యి పట్టుకుని ఊపి మరీ వెళ్ళారు. ఆ డచ్చాయన వచ్చే ఏడు అన్నదమ్ముల్ని కూడా తీసుకొస్తానన్నాడు, డ్రైవరు మాత్రం ఇతనే ఉండాలన్నాడు. ఇంత ఆలస్యం చేసినవాణ్ణి తిట్టకుండా ఇదేం చోద్యమా అని పొద్దున్నించీ ఆలోచిస్తున్నాను. పచ్చిపిండి తినిపించి కూడా దారి పొడుగునా నవ్వించుకొచ్చావన్నమాట."

ఓర్వర్ తలెత్తాడు.

"మైకు నీది. పార మీ పిన్నిది, నువ్వు దాని జోలికి పోకు. ఇంకోటి, రేపట్నించి రోజూ రొట్టె తియ్యగానే మొదటి ముక్క నువ్వు తినాలి, వాళ్ళు చూస్తుండగా. అప్పుడే మిగతావాళ్ళకి."

ఓర్వర్ చెయ్యి తనకి తెలియకుండానే ముక్కు మీదకి పోయింది. స్వావా అతని మొహం చూసి, ఇక దాచి లాభం లేదనుకుంది కాబోలు.

"వీడికి రై రొట్టె పడదు హల్లా. చిన్నప్పట్నించీ అంతే. నేను మూత తీస్తే చాలు, వాసనకే ముక్కు మూసుకుని ఇంట్లోంచి పారిపోయేవాడు. చిటికెడు ముట్టుకోలేదన్నాడే, వాడు చెప్పినదాంట్లో నిజం అదొక్కటే."

తొట్టిలో అందరూ ఓర్వర్ వంకే చూశారు. కోల్బెయిన్ కూడా నవ్వాపి చూశాడు. నదిని మబ్బుల్లోంచి దింపి, లావాని కొండెక్కించిన మనిషి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"తింటాను," అన్నాడు.

ఆ సాయంత్రం అతను కోత లేకుండా ఆడిన మాట అదొక్కటే.