మౌనాన్ని ఒప్పుకోని కౌన్సిలర్

అన్నలారా, అక్కలారా, హజరా బీ వదినా,

వార్డు ఎన్నికలో జమాలుద్దీన్ సాబ్ చేతిలో ఓడిపోయిన మాదన్నను నేను. ఈ సంతాప సభలో ఆయన గురించి మాట్లాడమని నన్నే లేపారు. ఆయన ఉంటే దీనికీ నవ్వేవాడు. ఆదోని సగం ఈ పందిట్లోనే ఉంది, ఆయన ఒక్కడే లేడు. నాకు బాధగా ఉంది.

ఒక మనిషికి అన్ని ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చేవి? నాకిప్పటికీ అంతు పట్టలేదు. టీ అంగట్లో అడిగేవాడు, పెళ్లి పందిట్లో అడిగేవాడు. "నీకేమనిపిస్తాదప్పా?" అడిగి ఊరుకునేవాడా? జవాబు వచ్చేదాకా మన మొహంలోకి చూస్తూ నిలబడేవాడు.

కొళాయిలు మంజూరైన ఆ ఎండాకాలం గుర్తుందా? ఎక్కడ పాతాలో ఒక ఆఫీసరు కాగితం మీద గీసుకొచ్చాడు. వార్డు సభలో అభ్యంతరాలున్నాయా అని అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. మౌనం అర్ధాంగీకారం అని ఆ ఆఫీసరు సంతకానికి పెన్ను తీశాడు. అప్పుడు లేచాడు మన జమాలుద్దీన్. "సప్పుడు లేదంటే ఒప్పుకున్నట్ల కాదు సార్. ఇంగా ఎవరినీ సరిగ్గా అడగలేదని అర్థం."

సరే, అడిగాడు. ఏం లాభం? అందరికీ కొళాయి మా గడప ముందే కావాలి. నేనూ అంతే అన్నాను, దాచేదేముంది! అప్పుడాయన ఒక తమాషా పెట్టాడు. మీ వీధి కొళాయి గురించి మీరు చెప్పొద్దు, పక్క వీధికి ఎక్కడ బాగుంటుందో పోయి చూసి చెప్పండన్నాడు. ఇదేం విడ్డూరమని నవ్వుకుంటూ పోయాం.

పోయి చూస్తే ఏముంది? మా పక్కనున్న ఉరుకుందమ్మ వాళ్ల పేటలో కాగితం చూపిన చోటు సారాయి అంగడి పక్కనే. పొద్దు గూకితే ఆడకూతురు బిందె పట్టుకుని అక్కడికి రాగలదా? వాళ్లొచ్చి మా వీధి చూశారు. మా చోటు పత్తి బండ్లు తిరిగే మలుపు, నీళ్లకు నిలబడితే బండి కిందే. ఇన్నేళ్లూ ఆ మలుపులోనే బతుకుతున్న మాకు అది తోచనే లేదు.

జమాలుద్దీన్ వాళ్ల వీధిని కూడా చూసి ఆ పేటవాళ్లు ఏం చెప్పారు? నడవలేని ముసలి చౌడమ్మ గుడిసె దగ్గర పెట్టమన్నారు. అది ఈయన ఇంటికి వీధి ఆ కొస. ఇంట్లో హజరా వదిన కోప్పడితే, "అడిగింది నేనే గదా" అన్నాడట. ఈ రోజు పొద్దున కూడా వదిన అక్కడి నుంచే నీళ్లు మోసుకొచ్చింది.

ఇప్పుడు కూరగాయల మార్కెట్టును ఊరి బయటికి మార్చే మాట సోమవారం సభకు వస్తోంది. ముప్పొద్దులా అక్కడే గంప దించే ముత్తమ్మ ఇక్కడే కూర్చుని ఉంది. రేపు ఆ గంప ఎక్కడ దించాలి? ఆమెను అడిగేవాడు పోయాడు. సోమవారం మనం పోకపోతే మన మౌనం కింద మళ్లీ ఎవరో సంతకం పెట్టేస్తారు.

అందరూ లేవండి. రెండు నిమిషాలు తల వంచి నిలబడదాం.

జమాలుద్దీనన్నా, నీకు నచ్చని పనే చేస్తున్నాం, ఈ ఒక్కసారికి ఒప్పుకో. సోమవారం మాట్లాడతాం.