కింద పట్టేవాడు

సామాన్లు చేరవేసే ఆఫీసు. బల్ల వెనక మేస్త్రి. ఎదురుగా, కూర్చోమన్నా కూర్చోని ఒక పనివాడి తల్లి.

"అరవకండమ్మా, లోపల కస్టమర్లున్నారు."

"విననీ! పొద్దున చెప్పులేసుకుందామని వంగినవాడు మళ్ళీ లేవలేకపోయాడు. నేనూ మా అమ్మాయీ చెరో రెక్కా పట్టుకుని లేపాం. రేపు కాళ్ళు పడిపోతే ఎవరు చూస్తారు, నువ్వా?"

"నడుం పట్టేసుంటుంది. దానికే కాళ్ళు పడిపోతాయా?"

"పడిపోవని నువ్వు చూశావా?"

"గోడ మీద చూడండి. మోకాళ్ళు వంచు, నడుం వంచకు, బరువు ఒంటికి ఆనించుకో. చేరిన రోజే నేర్పించాం."

"ఆ బొమ్మలోవాడు మోసేది అట్టపెట్టె. మావాడు మోసేది బీరువా. ఆ బొమ్మలో మెట్లేవి?"

"మెట్ల మీద ఇద్దరుంటారు."

"ఉంటే? మొన్న పక్కింటికి ఫ్రిజ్ ఎక్కిస్తుంటే నిలబడి చూశాలే. బరువంతా కిందవాడి మీదే. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి వాడికి. అదే మావాణ్ణి అడిగితే, నేనెప్పుడూ కిందేనమ్మా అన్నాడు. ఎప్పుడూనట!"

"అంతస్తుకోసారి చోట్లు మార్చుకోవాలి. మా పద్ధతి అది."

"మరి మార్చవేం?"

"మార్చమంటూనే ఉన్నా. మీవాడే వినడు."

"నడుం విరగ్గొట్టుకోవడం వాడికి సరదానా?"

"అది వాణ్ణే అడగండి."

"అడిగా. ఏంలేదంటాడు. నిన్నడిగితే వాణ్ణడగమంటావు. ఆ రెండోవాడెవడు? పిలు."

"ఎందుకులెండి."

"నీ బావమరిదా?"

"కాదు! పెద్దాయన. పొట్టకి ఆపరేషనైన మనిషి. కిందవైపు పట్టుకుంటే కుట్ల దగ్గర మళ్ళీ తెగుతుందని మీవాడి భయం."

"అలాంటివాణ్ణి బరువులకి పెట్టుకున్నావా? బుద్ధుందా?"

"నాకూ మొన్ననే తెలిసింది. మానెయ్యమన్నా. ఇద్దరూ కలిసి బతిమాలారు, ఏం చెయ్యను?"

"అయితే వాణ్ణే కిందికి దింపు. తెగితే తెగనీ! వాడి కోసం నా కొడుకు మంచాన పడాలా?"

"అలా అనకండమ్మా."

"అంటా. వెయ్యిసార్లంటా. రేపట్నుంచి వాడు కింద పట్టకపోతే, ఇదే గుమ్మంలో కూర్చుని అరుస్తా."

"వద్దు... తర్వాత మీరే బాధపడతారు."

"నాకేం బాధ? అసలు ఆ రెండోవాడు ఇంట్లో చెప్పే వస్తున్నాడా?"

"చెప్పలేదు."

"పెళ్ళాం లేదా వాడికి? మొగుడు పొద్దున్నే ఎక్కడికి పోతున్నాడో, ఏం మోస్తున్నాడో చూసుకోదా? కళ్ళు పోయాయా దానికి?"

"ఆవిడ తప్పేముందమ్మా. బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉద్యోగమని మీ ఆయన చెబితే, మీరు నమ్మలేదూ?"