అత్తగారికి తోచిన చోటు

మధ్యాహ్నం. వీధి తలుపు వేసి ఉన్న ముందుగది. బట్టల పెట్టె మీద అత్తగారు కూర్చుని ఉంది. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన కోడలి చేతిలో జాడ పట్టే చిన్న రిసీవర్ ఒకటే కూత పెడుతోంది.

"అది పక్కింటి టీవీ అయ్యుంటుంది."

"టీవీ ఇలా కూయదు అత్తయ్యా."

"అయితే వాళ్ళ ఫ్రిజ్జు. మొన్నటి నుంచీ ఒకటే గోల. ఎవరికి చెప్పుకోవాలో తెలీక ఊరుకుంటున్నాను."

"వంటింట్లోకి వెళ్తే కూత తగ్గింది. పెరట్లోకి వెళ్తే ఇంకా తగ్గింది. ఈ గదిలోకి వస్తే చెవులు చిల్లులు పడుతున్నాయి. మీరొకసారి లేవండి."

"మోకాళ్ళు పట్టేశాయి."

"పొద్దున మేడ మీద బట్టలు ఆరేసి వచ్చారుగా."

"అందుకే పట్టేశాయి."

"అత్తయ్యా."

"భోంచేశావా? ముఖం పీక్కుపోయింది. ముందు నాలుగు మెతుకులు తిను, తర్వాత నీ కూతల సంగతి చూద్దాం."

"తినే టైము లేదు. మా ఆఫీసు సార్ జీపులో బయల్దేరారు. ఆయన వచ్చేలోపు నాకు నిజం తెలియాలి."

"ఆయనకి మనింట్లో ఏం పని?"

"ఫోన్ మ్యాపులో మన పెద్దమ్మాయి చుక్క నిన్న సాయంత్రం నుంచీ కదలడం లేదు. సముద్రంలో లేదది. నేల మీదుంది. ఈ వీధిలో ఉంది."

"సొర వీధిలోకి ఎలా వస్తుందే?"

"సొర రాదు. దాని వీపు రెక్కకి నేను బిగించిన, జాడ చెప్పే ట్యాగ్ వస్తుంది, ఎవరైనా ఊడదీసి తెస్తే."

"వీధి నిండా పడవల వాళ్ళే. అన్ని ఇళ్ళుండగా మనింటి మీదే పడ్డావేం?"

"అన్ని ఇళ్ళ ముందూ నడిచే వచ్చాను. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, ఈ ఇల్లే అయితే బావుండు అనుకుంటూ వచ్చాను. భయపడకండి. చెప్పేది వినండి. ఆ సొరని పట్టకూడదని చట్టం, కానీ పొరపాటున వలలో పడితే కేసుండదు. వివరాలు రాసుకుని వెళ్ళిపోతారు. ఎక్కడుందో తెలుసుకుని, వెతుక్కుంటూ వెళ్ళి వల వేస్తేనే కేసు. అప్పుడు పడవ లాక్కుంటారు, మనిషిని లోపలేస్తారు."

"పొరపాటో కాదో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"అది ఎక్కడుందో తెలిసింది ఇద్దరికే. సార్‌కి, నాకు. మూడో మనిషికి చెప్పకూడదని మరీ మరీ చెప్పి నాకీ పని ఇచ్చారు. మామయ్యకి గానీ మీ అబ్బాయికి గానీ తెలిసే దారే లేదు. కాబట్టి పొరపాటే. మనకేం కాదు. లేవండి."

"ఇద్దరికే తెలుసని ఆయనతో చెప్పేశావా?"

"చెప్పాను. ఏం?"

"ఏం లేదు."

"ఎందుకలా అడిగారు?"

"ఏం లేదన్నాగా. కాసిని మంచినీళ్ళు అందివ్వు."

"ముందు లేవండి అత్తయ్యా."

"లేస్తున్నాను, లాగకు. ... అడుగున, పాత దుప్పటి కింద ఉంది. తీసుకో."

"ఇది... దానిదే. నా చేత్తో బిగించిన మరలే ఇవి. పోయిందా అది?"

"వల పైకి లాగేసరికే పోయిందిట."

"ఈదడం ఆగిపోతే దానికి ఊపిరాడదు. వల చుట్టుకుందంటే ఇక అంతే. ఎంత గింజుకుందో ఏమో."

"మీ మామయ్యా అదే చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. దాని మీద కత్తి పడనివ్వలేదు. అలాగే నీళ్ళలోకి దింపేశారుట. ఇదొక్కటీ విప్పి తెచ్చి, కోడలిది, కోడలికే ఇచ్చెయ్ అని నా చేతిలో పెట్టారు."

"ఇచ్చెయ్యమన్నారా? మరి మీరెందుకు దాచారు?"

"ఇస్తే నువ్వు ఆయన్ని అడుగుతావ్. ఎప్పుడూ పోని మూలకి, అంత దూరం ఎందుకు వెళ్ళారు మామయ్యా అంటావ్."

"అంటాను. అయితే?"

"మీ అత్తయ్యకి తోచిందమ్మా, అందుకే వెళ్ళాం అంటారు."

"మీకు తోచడమేంటి? మీరెప్పుడూ పడవే ఎక్కలేదు."

"ఎక్కలేదు. రేవుదాకా వెళ్ళిందే తక్కువ. ... నువ్వు అన్నాల దగ్గర ఫోన్ తీసి చూపించేదానివా లేదా? పెద్దమ్మాయి ఇవాళ ఇక్కడికొచ్చింది, చిన్నమ్మాయి అక్కడ తిరుగుతోంది అని."

"మీకు. మీకొక్కరికే. మగవాళ్ళు లేచి వెళ్ళాక, మనిద్దరం తినేటప్పుడు."

"నాకొక్కదానికే. చెప్తుంటే నీ ముఖం వెలిగిపోయేది. నాకూ ముచ్చటగా ఉండేది. ఆడపిల్ల లేని దాన్ని, ఒకేసారి ఇద్దరొచ్చినట్టు ఉండేది."

"నా దగ్గర విని వాళ్ళకి చెప్పారా?"

"చుక్క సంగతి చెప్పలేదు, ఒట్టు. సొర ఎక్కడుంటే చిన్నచేప అక్కడుంటుంది, అది తిరిగేదే తిండి కోసం అని నువ్వే అన్నావ్. ఓ రోజు మీ మామయ్య ఖాళీ వలతో వచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నారు. చూడలేకపోయాను. మర్నాడు బయల్దేరుతుంటే, నాకెందుకో ఫలానా వైపు వెయ్యమని తోస్తోందండీ అన్నాను. అంతే అన్నాను. పడవ నిండా తెచ్చారు."

"అమ్మో."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను ఒక్క మాట అడిగి చేసిన మనిషి కాదు. ఆ మర్నాడు చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మంలో నిలబడి, ఇవాళ ఎటు వెళ్ళమంటావ్ అని అడిగారు. తర్వాత మీ ఆయన అడిగాడు. తర్వాత పక్కింటి వాళ్ళు. ఆ తర్వాత వీధంతా."

"వీధంతానా? అన్ని పడవలూనా?"

"ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే బావుండదు కదే."

"అంటే అది ఎటు వెళ్తే అటు మీ వలలు. అందుకే నిలకడ లేకుండా చోట్లు మార్చింది. నేనేమో నీళ్ళు వేడెక్కి దారి మార్చుకుంటోందని రిపోర్టు రాశాను. ఆఫీసులో భేష్ అన్నారు కూడా."

"దానికి ఏమైనా అవుతుందని నాకు తెలీదమ్మా. చిన్నచేపల కోసం వేసే వల, అంత పెద్దది తప్పుకుపోలేదా అనుకున్నాను."

"దానికి కడుపు పండాలంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. పండినా మిగతా చేపల్లా లక్షల గుడ్లు పెట్టదు. నాలుగో ఐదో పిల్లలు. ఈ తీరంలో ఇంకా ఎన్ని మిగిలాయో కూడా మాకు తెలీదు. అది తెలుసుకుందామనే కదా ఈ ట్యాగ్‌లు."

"నన్ను తిట్టు. నాలుగు పెట్టు."

"తిట్టి ఏం లాభం? మూడో మనిషికి చెప్పింది నేను."

"ఇలా ఇవ్వు దాన్ని. రాయి పెట్టి చితక్కొట్టేస్తాను, కూత ఆగిపోతుంది. దొరకలేదని చెప్పు. నీ ఉద్యోగం ఉంటుంది, మీ మామయ్య పడవ ఉంటుంది, నా..."

"మీ పేరు ఉంటుంది."

"ఉంటుంది. ఉంటే తప్పా? మొన్నటిదాకా ఈ వీధిలో నేనెవరో ఎవరికీ పట్టలేదు."

"చితక్కొడతారు, సరే. సార్ నేరుగా రేవుకి వెళ్ళి మామయ్యని అడుగుతారు. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు. మా ఆవిడకి తోచింది బాబూ అంటారు, అదీ గర్వంగా అంటారు. అప్పుడు సార్ నా వైపు చూస్తారు."

"పోనీ మీ మామయ్యకి ముందే చెప్పి ఉంచితే?"

"ఏమని? ఇన్నాళ్ళూ తోచింది మీకు కాదనా?"

"వద్దే. అది మాత్రం వద్దు."

"ఎటు కదిలినా ఇంకా బిగుసుకుంటోంది అత్తయ్యా."

"ఫోన్ మోగుతోంది. ఆయనేనా? ఎత్తకు."

"హలో... సార్. వచ్చాను సార్. దొరికింది... మా ఇంట్లో. అవును సార్, మా ఇంట్లోనే... లేదు సార్, పొరపాటున పడలేదు. చుక్క ఎక్కడుందో ఇంట్లో చెప్పింది నేను. మామయ్యకి ఇదేం తెలీదు, ఆయన్ని ఏమీ అనొద్దు... రండి సార్, ఇక్కడే ఉంటాను... అలాగే."

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. నా లాగిన్ ఆపేయిస్తానన్నారు. రేపట్నుంచి నాకు చుక్కలు కనిపించవు."

"నా మూలంగా నీ నోటి దగ్గర కూడు పోయింది."

"అది కాదు అత్తయ్యా నా బాధ. చిన్నమ్మాయి ఇంకా ఉంది. పొద్దున చూశాను. దక్షిణాన నల్లరాళ్ళ దగ్గరికొచ్చింది. కడుపుతో ఉందది. అక్కడ లోతు తక్కువ, పిల్లల్ని కనడానికే వచ్చి ఉంటుంది."

"నల్లరాళ్ళ దగ్గరా? అంత దగ్గరికా?"

"కొన్నాళ్ళు అటు ఎవరూ వెళ్ళకపోతే చాలు. కనేసి దాని దారిన అది పోతుంది."

"ఎవరో తలుపు కొడుతున్నారు. మీ సారేమో."

"కాదు, జీపు చప్పుడు లేదు."

"పిన్నీ, ఉన్నావా? నేను, పక్కింటి వాణ్ణి. పడవల్లోకి ఐసు ఎక్కించేశాం. ఎటు వెళ్ళమంటావో కనుక్కుని రమ్మన్నారు అందరూ."

"ఏం చెప్పనే?"

"ఏమీ తోచలేదని చెప్పండి."

"మెల్లిగా మాట్లాడు. తోచలేదంటే తలో దిక్కుకీ పోతారు. దగ్గర కదా అని సగం మంది నల్లరాళ్ళకే పోతారు."

"నిజం చెప్తే?"

"అక్కడ సొర ఉందంటే, చేపా ఉందన్నమాట అని అందరూ అక్కడికే పోతారు."

"పిన్నీ? పడుకున్నావా?"

"వస్తున్నాన్రా, ఉండు. ... అమ్మాయ్, ముఖం తుడుచుకో. తలుపు తీస్తున్నా."

"ఏంటి పిన్నీ, ఇద్దరూ అలా ఉన్నారు?"

"ఏం లేదు. నాకివాళ ఒంట్లో బాగాలేదు. మా కోడల్ని అడుగు."

"వదినకి కూడా తోస్తుందా?"

"నాకంటే ముందు దానికే తోచేది. ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా దాని మాటే."

"ఇదేదో ఇప్పుడే వింటున్నాం. చెప్పు వదినా, ఎటు వెళ్ళమంటావ్?"

"ఉత్తరానికి వెళ్ళండి. అన్ని పడవలూ. బాగా దూరం పోయి వల వెయ్యండి, నిండుగా పడుతుందని నాకు తోస్తోంది."