మైకు ముందు “తప్పు నాది” అన్న కరుణశ్రీ గారు

1974వ సంవత్సరం జూన్ 17వ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు శ్రీమతి కరుణశ్రీ గారు ఆర్మూరులోని మా నవసిరి పసుపు రైతుల సహకార విక్రయ సంఘంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. ఆ తేదీని నేను హాజరు పట్టీ చూడకుండానే చెప్పగలను. వారికంటే పదకొండు రోజులు ముందుగా చేరిన వాడిని నేను. ఆ పదకొండు రోజుల సీనియారిటీని ముప్పై మూడేళ్లుగా నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నాను. నేడు, 2007 ఆగస్టు 31న, వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో ఈ ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు వ్రాసే భాగ్యం కూడా ఆ సీనియారిటీ వల్లనే నాకు దక్కింది.

ఆ రోజుల్లో కార్యాలయానికి ఉన్నది ఒకే ఒక్క తెలుగు టైపు యంత్రం. దానిలో ‘ఋ’ అక్షరం విరిగిపోయి చాలా కాలమైంది. ‘ఋతువు’, ‘ఋణము’ వంటి పదాలు వచ్చినప్పుడు కరుణశ్రీ గారు అక్కడ ఖాళీ విడిచి, ఆ తర్వాత కలంతో ఆ అక్షరాన్ని పూరించేవారు. అధికారులకు వెళ్లే వందలాది ఉత్తరాలలో ఒక్క ఖాళీ కూడా పూరించకుండా వెళ్లిన దాఖలా లేదు. సిరికొండ నుండి మోర్తాడ్ వరకు ఏ గ్రామ రైతు ఏ అర్జీ పెట్టుకున్నా, దాన్ని చదివి వినిపించి, రైతు “అవునమ్మా, నేను జెప్పింది గిదే” అన్న తర్వాతనే కాగితాన్ని యంత్రం నుండి తీసేవారు. ఇది వారి స్వభావం.

1999లో మా కార్యాలయానికి కంప్యూటరు వచ్చింది. వచ్చిన నాటి నుండి రెండేళ్లు దానికి గుడ్డ కప్పి, మంగళవారం మంగళవారం దుమ్ము దులిపి, ఎవరూ ముట్టుకోకుండా మేము దానిని అత్యంత భద్రంగా కాపాడాము. ఆ గుడ్డ తీసినవారు కరుణశ్రీ గారు. యాభై మూడేళ్ల వయసులో వారు శనివారం మధ్యాహ్నాలు బస్సెక్కి నిజామాబాదు వెళ్లి, తమ పిల్లల కంటే చిన్నవారి పక్కన కూర్చుని, వెబ్ పేజీలు వ్రాయడం నేర్చుకున్నారని తెలిసిన రోజు నేను నిశ్చేష్టుడినయ్యాను. “గీ వయసుల గిదంత అవుసరమా మేడం?” అని అడిగాను. “రెండేండ్లు దుమ్ము దులిపినం గదా సారూ, లోపలేముందో సూడొద్దా?” అన్నారు.

2005 నాటికి మా మార్కెట్ యార్డుకు వచ్చిన ప్రతి పసుపు కుప్ప వివరం వారు వ్రాసిన పేజీలలో కనిపించసాగింది. 2007 ఫిబ్రవరిలో వారు మరొక ఏర్పాటు చేశారు. మా యార్డులో ప్రతి కుప్ప నుండి గుప్పెడు కొమ్ములు తీసి, చిన్న గుడ్డలో ముల్లె కట్టి, దానికి రైతు పేరున్న చీటీ తగిలించి, పరీక్ష గదికి పంపడం తాతల నాటి పద్ధతి. అక్కడ మా నర్సింలు ఆ కొమ్ములను నూరి, మందు చుక్కలు వేసి, మెరుగు కోసం ఎవరైనా రంగు కలిపారేమో చూస్తాడు. కల్తీ లేకుంటే మామూలుగా చీటీ వస్తుంది. కల్తీ ఉంటే ఆ రైతు పేరు గేటు వద్ద బోర్డు మీద పడాలి, కుప్ప మీద ఎర్ర జెండా నాటాలి, మూడేళ్లు ఆ రైతుకు యార్డులో చోటుండదు. అంతవరకు ఆ పేరును నేను సుద్దముక్కతో వ్రాసేవాడిని. ఇక మీదట నర్సింలు ఫలితం నమోదు చేయగానే పేరు దానంతటదే విద్యుత్ బోర్డు మీద పడేటట్టు కరుణశ్రీ గారు ప్రోగ్రాం వ్రాశారు. నెల రోజులు ఒక్క కల్తీ కుప్ప కూడా రాలేదు. మేమంతా సంతోషించాము. ఆ సంతోషమే మా కొంప ముంచింది.

మార్చి 14, బుధవారం. ఆ ఉదయం గేటు తెరిచేసరికి అందరికంటే ముందు నిలిచి ఉన్న బండి మోర్తాడ్ రైతు గంగమణిది. భర్త దుబాయిలో ఉంటే, రెండెకరాల పసుపును ఒంటిచేత్తో పండించి, ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చిన మనిషి. పదకొండు గంటలకు బోర్డు మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి: ‘రంగు కలిసింది – గంగమణి’. ఆ రోజు యార్డులో ఆ పేరు గల రైతు ఆమె ఒక్కతే. యార్డు పర్యవేక్షకుడిగా ఎర్ర జెండాను నేనే స్వయంగా తీసుకెళ్లి ఆమె కుప్పలో నాటాను. కుప్ప చుట్టూ ఉన్న ఖరీదుదారులు అంటురోగం చూసినట్టు వెనక్కి జరిగారు.

గంగమణి ముందు నమ్మలేదు, తర్వాత అరిచింది, ఆ తర్వాత కార్యాలయం మెట్ల మీదికి వచ్చింది. “నా పసుప్ల రంగు కలిపిన్నంటె నా చేతులు నరుకుండ్రి! తొమ్మిది నెలలు సాకిన పంట మేడం గది. మోర్తాడ్ దాంక ఎరుకైంది. మా ఆయన దుబాయ్ నుంచి ఫోన్ జేసి, గిదేం ఇజ్జత్ తక్కువ పని జేసినవే అని అడుగుతుండు!” అంది. గంట తిరగకుండానే ఆ మాట సముద్రాలు దాటిపోయింది. అయినా, “బోర్డు అబద్ధమాడతదా అమ్మా?” అన్నాను. ఆ వాక్యాన్ని తలుచుకుంటే నేటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కరుణశ్రీ గారు వెంటనే లేచి, నర్సింలును పిలిచి, గంగమణి కుప్ప నుండి ఆమె కళ్ల ముందే మరొక ముల్లె కట్టించారు. పావుగంటలో నర్సింలు పరుగున వచ్చాడు. “మేడం, గీమె పసుపు మంచిగున్నది. చుక్క రంగు లేదు!” అన్నాడు. మరి రంగు కలిసిన కుప్ప ఎవరిది? బోర్డు ఆమె పేరే ఎందుకు చూపింది? కరుణశ్రీ గారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. కొంతసేపటికి, “దేవయ్య సారూ, జర ఇటు రాండ్రి. బోర్డు మీద ఏం పడ్డదో సదువుండ్రి” అన్నారు.

కిటికీలోంచి గేటు వైపు చూశాను. ‘రంగు కలిసింది – దేవయ్య’ అని ఉంది.

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. “నేనేం కలిపిన మేడం! నాకసలు పసుపు చేనే లేదు!” అని గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకున్నాను. అంత దుఃఖంలోనూ గంగమణి నా మొహం చూసి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కరుణశ్రీ గారు మాత్రం నవ్వలేదు. “దొరికింది సారూ. ముల్లె పంపేటప్పుడు చీటీ కట్టకుంటె ఏమైతది?” అని అడిగారు. “అది ఎవరి కుప్పదో ఎట్ల ఎరుకైతది?” అన్నాను. “గదే అయింది. నేను చీటీ కట్టకుంటనే పంపిన” అన్నారు.

వారు ఆ రోజు నాకు చెప్పినది, నాకు అర్థమైనంత మేరకు, ఇది. ఫలితం తెలుసుకురమ్మని ఒక్కొక్క కుప్ప తరఫున ఒక చిన్న ఫంక్షన్, అంటే ప్రోగ్రాం ముక్క, పరీక్ష గది కంప్యూటరు వైపు బయలుదేరుతుంది. జవాబు వచ్చినప్పుడు అది మేల్కొని పని పూర్తి చేస్తుంది. దీనిని కాల్‌బ్యాక్ అంటారట. అందులో వారు ‘దిస్’ అని వ్రాశారు, అంటే ‘ఈ కుప్ప’ అని వారి ఉద్దేశం. కానీ అలా విడిగా పంపిన ఫంక్షన్ తాను ఏ కుప్ప నుండి బయలుదేరిందో మరిచిపోతుందట! తిరిగి వచ్చి ‘ఈ పేరు’ అని అడిగితే, కుప్ప బదులు, పేజీని చూపే బ్రౌజర్ విండో ముందుకు వచ్చి తన పేరు చెబుతుందట! ఆ విండోకు, పొద్దున్నే మొదట నమోదైన రైతు పేరు పెట్టేటట్టు ప్రోగ్రాంలో ఉంది. ఆ రోజు మొదట వచ్చిన రైతు గంగమణి. పరీక్ష కోసం కరుణశ్రీ గారు ప్రోగ్రాంను మళ్లీ కొత్తగా మొదలుపెట్టి, మొదట నా పేరు నమోదు చేసి, కల్తీ ఫలితం ఒకటి పంపి చూశారు కాబట్టి నేను కల్తీదారునయ్యాను. తప్పు లేదని తెలిపే దారి వేరు. కల్తీ చెప్పే ఈ దారిలో నెల రోజులుగా ఎవరూ నడవలేదు కాబట్టి గుంత ఎవరికీ కనబడలేదు. అందరికంటే ముందు లేచి బండి కట్టిన మనిషి మెడకే కల్తీ నేరం చుట్టుకుంది!

దిద్దడానికి ఎంత పట్టింది? ప్రోగ్రాంలో ఒక్క వరుస! ఫంక్షన్ బయలుదేరే ముందే ‘ఇది ఫలానా కుప్ప’ అని వేరే పేరుతో పట్టి ఉంచి, ఆ పేరును దానికి కట్టి పంపారు. అంతే. ఒక్క వరుస లేకపోతే ఒక ఇల్లాలి పరువు మూడేళ్లు మట్టిలో కలిసిపోయేది. అసలు కల్తీ కుప్ప కూడా యార్డులోని నాలుగో వరుసలో దొరికింది. ఆ రైతు పేరు ఈ శుభ సంచికలో వ్రాయడం భావ్యం కాదు.

అప్పుడు నేనిచ్చిన సలహా ఏమిటో కూడా వ్రాయాలి. “మేడం, జెండ సప్పుడు జెయ్యకుంట తీసేద్దాం. మళ్ల పరీక్షల పాసైంది అందాం. మీకు ఇంక అయిదు నెలల సర్వీసే ఉన్నది, మెమో గిమో ఎందుకు?” అన్నాను. వారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “నాటినప్పుడు అందరు జూసిండ్రు సారూ. తీసుడు గూడ అందరు జూడాలె” అని, వేలం పేర్లు పిలిచే మైకు వద్దకు నేరుగా నడిచారు.

“అందరికి జెప్తున్న, జర ఇనుండ్రి. పొద్దున గంగమణి కుప్ప మీద జెండ నాటినం. గామె పసుప్ల రంగు లేదు. బోర్డు మీద పేరు తప్పు పడ్డది. గా బోర్డుకు ప్రోగ్రాం రాసింది నేను, కరుణశ్రీ. తప్పు నాది.”

కాంటాలు ఆగాయి. మూట నెత్తిన ఉన్న హమాలీ దాన్ని దించడం మరిచి అలాగే నిలబడ్డాడు. ముప్పై మూడేళ్లలో ఆ మైకులో ఎన్ని పేర్లు, ఎన్ని హెచ్చరికలు విన్నానో లెక్కలేదు కానీ, మా కార్యాలయం మనిషి తప్పు నాదని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. వారు గంగమణి చేతిలోని ఫోను అడిగి తీసుకుని, దుబాయిలోని ఆమె భర్తతో, “తమ్మీ, ఆఫీసు నుంచి కరుణశ్రీని మాట్లాడుతున్న. మీ ఇంటామె ఏ తప్పు జెయ్యలే. జేసింది నేను. నువ్వు గామెను అడిగిన మాట వాపస్ తీస్కో” అన్నారు.

గంగమణి కరిగిపోయిందని వ్రాస్తే అందంగా ఉండేది, కానీ అబద్ధమవుతుంది. “మైకుల జెప్పినవు, మంచిగనే ఉంది. పొద్దటి సంది నేను పడ్డ మాటలు ఎవలు వాపస్ తీస్కుంటరు మేడం?” అని ముఖం తిప్పుకుంది. ఖరీదుదారులు తిరిగి వచ్చి ఆ కుప్పను కొనుగోలు చేసేవరకు, కరుణశ్రీ గారు భోజనానికి కూడా వెళ్లకుండా, ఎండలో ఆ కుప్ప పక్కనే నిలబడ్డారు. సాయంత్రం బండి కదిలేటప్పుడు గంగమణి తన నీళ్ల సీసా వారి చేతిలో పెట్టి వెళ్లింది.

పాలకవర్గం కరుణశ్రీ గారికి మెమో జారీ చేసింది. వారు ఒకే వాక్యంలో బదులిచ్చారు: ‘తప్పు నాది, దిద్దుబాటు జతపరిచాను.’ వారి సేవా పుస్తకంలో ముప్పై మూడేళ్లకు అది ఒక్కటే మచ్చ. నేటి సభలో చదివే ప్రశంసా పత్రంలో దాని ప్రస్తావన ఉండదని నాకు తెలుసు. కాబట్టి ఇక్కడ వ్రాస్తున్నాను.

మా యార్డు నియమం ప్రకారం, జెండా నాటే ముందు పర్యవేక్షకుడు రైతు ఎదుటే రెండో ముల్లె తీయించి పరీక్ష చేయించాలి. బోర్డు చెప్పిన తర్వాత మళ్లీ ఎందుకన్న బద్ధకంతో ఆ రోజు నేను అది చేయించలేదు. చేయించి ఉంటే ఆ జెండా లేచేదే కాదు; ప్రోగ్రాంలోని తప్పు కార్యాలయం గడప దాటేది కాదు. కరుణశ్రీ గారికి ఈ సంగతి ఆ రోజే తెలుసు. రెండో ముల్లె కట్టించిన వారు వారే కదా. అయినా మైకు ముందు గానీ, మెమో జవాబులో గానీ, ఈ అయిదు నెలల్లో మా ఇద్దరి మధ్య గానీ నా పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ మెమో మీద విచారణ జరిగిన రోజు అదే గదిలో, వారి పక్క కుర్చీలో, నోరు మూసుకుని కూర్చున్నాను. అది నేనేనా అని ఇప్పటికీ నాకు విస్మయం కలుగుతుంది.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చే ముందే సంఘం అధ్యక్షుల వారికి లేఖ ఇచ్చాను. ఆ మెమోలో నా పేరు చేర్చి, దానిని నా సేవా పుస్తకంలో కూడా నమోదు చేయమని కోరాను. “రేపో మాపో నువ్వు గూడ దిగిపోయేటోనివే, ఇప్పుడెందుకు దేవయ్యా?” అన్నారు వారు. నేను లేఖను వెనక్కి తీసుకోలేదు.

కరుణశ్రీ గారూ, ఈ వ్యాసం చదివి మీరు నా మీద కోపగించుకుంటారని ఎరుగుదును. మీ భర్త శ్రీ జాన్ గారితోనూ, పిల్లలతోనూ మీరు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, నన్ను క్షమించడానికి ఎంత కాలం పడుతుందో అంత కాలమూ, ఆ పైన సుఖంగా జీవించడానికి మరెంతో కాలమూ భగవంతుడు మీకు ప్రసాదించాలని చేతులు జోడించి ప్రార్థిస్తున్నాను.

– దేవయ్య, యార్డు పర్యవేక్షకుడు