మౌనాచారి కురచ చక్రం

ఉరుకుందని ఒగడుండె. బండి తోలి బతికేవాడు. వాని పెండ్లాం హుసేనమ్మ. పిల్లలింకా కాలేదు, రెండెద్దులుండె, మైలోడు ఒగటి, ఎర్రోడు ఒగటి, ఆ రెండే వాళ్లకు పిల్లలనుకో. బండి చక్రాలు వాళ్ల నాయన కాలం నాటివంట. చక్రం లోపలి ఆకుకట్టెలన్నీ వదులైపోయి, బండి కదిలితే కటకట కటకట అని ఊరంతా వినపడేది. హుసేనమ్మ పొయ్యికాడ కూచోనే, మావాడు వంక దాటినాడు, ఇంక సంగటి కెలకొచ్చు అనుకునేదంట. చెనక్కాయలు ఒలవండి, ఒలవండి, మీరు చేతులాపితే నేను నోరాపుతా. ఊ, ఏమైందంటే, గట్టమ్మ జాతర ఇంక రెండు నెలలుందనంగా, రాళ్ల బాటలో ఆ చక్రాలకు ఆకులు విరిగిపోయె. మళ్లీ అతుకేసే పని కాదు. కొత్త చక్రాలు కావాల, జాతర లోపల కావాల. ఎందుకంటే జాతరలో పందెముండాది.

ఆ పందెం ఇప్పటి పందేల మాదిరి నేరుగా ఉరికించేది కాదప్పా. గరుసు నేల మీద ఏడు కుండలు పెట్టేది, ఆడొగటి ఈడొగటి, కుండ నిండా నీళ్లు. ఒగో బండి ఒంటిగా పోవాల. ఒగ్గొగ్గ కుండకూ ఒగ సుట్టు తిరగాల, ఏడూ తిరిగి వెనక్కి రావాల. అమ్మవారి కుండలు కదా, ఊరికే తిరిగితే ఒప్పరు, ప్రదక్షిణమే చేయాల, కుండ ఎప్పుడూ కుడిచేతి పక్కనే ఉండాల. ఒగాయన తప్పెట కొడతాంటే జనమంతా దెబ్బలు లెక్కపెట్టేది. ఎవడు తక్కువ దెబ్బల్లో వస్తే వాడు గెలిచినట్టు. కుండ తగిలి నీళ్లు ఒలికితే కుండకు పది దెబ్బలు కలిపేది. బిరాన తిప్పబోతే బండి ఎడమపక్కకు పల్టీ కొట్టేది, అంతకుముందేడు ఒగనికి కాలు విరిగె. ఇంత చేసి గెలిస్తే ఇచ్చేదేమంటావా? తుండుగుడ్డ. అంతే. ఆ తుండుగుడ్డను మూడు జాతర్ల దాకా భుజం మీద నుంచి దించేవాళ్లు కాదంట.

సరే, చక్రాలు చేసేదెవరు? మౌనాచారి. వడ్లపనీ కమ్మరిపనీ రెండూ ఆయనే. ఉరుకుందు పసిబిడ్డప్పుడు పండుకున్న తొట్లు ఆయన చేసిందే, వాళ్ల పెండ్లి పీటలు ఆయన చేసినవే, వాళ్ల నాయన సేద్యపు మడక, గుంటక అన్నీ ఆయన చేతివే. పెండ్లాం పోయింది, ఒంటి మనిషి, బాడిసె పట్టుకుంటే ఆకలి కూడా మరిచిపోయే రకం. ఆ ముసలాయనకు ఒగ గుట్టుండె. కండ్లు మసకబారినాయి. ఎవురికీ చెప్పలేదు. చెప్తే పనెవరిస్తారు? కొలతకు ఒగ కట్టెపుల్ల ఉండె ఆయన దగ్గర, దానికి నిండా గాట్లు, ఇది పెద్ద చక్రానికి, ఇది చిన్నదానికి, ఇది తలుపుకు అని. ఆ గాట్లు చూసి చూసి చేసేవాడు. ఒగ చక్రం పదిహేను దినాలకు అయింది, ఇనుప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే బుస్సున బిగిసింది, ఉరుకుందు దొర్లించుకోని ఇంటికి పోయినాడు. రెండోది ఇంకో పదిహేను దినాలకు అయింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినోళ్లు ఎవరూ లేరు. చారి చేసినాంక చూసేదేముందిలే అనుకునేవాళ్లు అప్పుడు.

ఇంటికి తెచ్చి ఇరుసుకు ఎక్కించి, కందెన పూసి, సీలలు కొట్టినారంట. హుసేనమ్మ మొగుని కోసరం గంజిముంత తెచ్చి బండి నడుమ పెట్టింది. పెట్టి ఇట్ల తిరిగిందో లేదో, ముంత మెల్లగా జారుకుంటా జారుకుంటా పోయి కుడిపక్క ఆనుకునింది. నడుమకు జరిపింది. మళ్లీ పోయింది. యామయ్యో, ఈ ముంతకేమన్నా కాళ్లొచ్చినాయా అనిందంట. ఉరుకుందు వంగి చూసినాడు. ముందర పోయి చూసినాడు, వెనక పోయి చూసినాడు. కుడిచక్రం ఎడమదానికన్నా బెత్తెడు కురచ. నాలుగు వేళ్లు, అనుకో. ఒగ గాటుకు బదులు ఇంకో గాటు చూసి చేసినాడు ముసలాయన.

ఉరుకుందు సీలలు పీకబోయినాడంట. ఇప్పుడే పోయి చారి ముందర పడేస్తా అన్నాడు. హుసేనమ్మ గడపకడ్డం నిలబడింది. పోయి ఏమని చెప్తావు? తాతా, నీకు కండ్లు కనపడవు అని చెప్తావా? ఆయప్ప ఇంక బాడిసె ముట్టడు. బాడిసె ముట్టకపోతే ఆ మనిషికి ఏముండాది, చెప్పు నాకు. ఆమె మాట నిజమే. పైగా ఆ యేడు సంగతి ఇంకా కష్టంగా ఉండె. ఎట్లంటే, ఊరిపెద్ద కాశిరెడ్డి, ఆయన కొడుకు ఓబుల్రెడ్డి పట్నంలో చూసి టైరు చక్రాలు తెచ్చినాడు. పాత లారీవి. మన తట్టు టైరు బండి అదే మొదలు. రబ్బరు చక్రం, లోపల గాలి, సద్దుండదు, ఎద్దులకు బరువుండదు. జనాలు వేలుతో వత్తి వత్తి చూసేవాళ్లంట. కాశిరెడ్డి రచ్చబండకాడ చెప్పేసినాడు, ఈ జాతర పందెంలో చూస్తాం, టైరు గెలిస్తే ఊరంతా టైర్లకే పోదాం, చారిని ఇంట్లో కూచోబెట్టి నాలుగు గింజలు పోద్దాం, కట్టె గెలిస్తే ఎప్పటిమాదిరే ఊరి పని ఆయనదే అని. మంచిమాటే అనుకున్నాడు పెద్దాయన. కూచోబెట్టి గింజలు పోస్తామంటే పనోనికి ఎట్లుంటాదో ఆయనకు తెలీదు పాపం. చారి ఆ మాటిని లేచి ఇంటికి పోయినాడంట. ఆ పొద్దు సంగటి తినలేదంట.

ఓబుల్రెడ్డి కూడా చెడ్డోడు కాదులే. ఉరుకుందును పిలిచి, ఒరే, నాదగ్గర ఇంకో జత టైర్లుండాయి, తీస్కపోయి తోలి చూడు, పందెంలో నాకు పోటీకి జోడు కావాల కదా అన్నాడు. ఉరుకుందు ఒగ దినం కట్టి తోలినాడు. అబ్బా, ఏం చెప్పేది. మెత్తగా పోయింది. ఎర్రోడు కాడి కింద తలెత్తుకోని నడిచినాడంట, ఎప్పుడూ అట్ల నడవడు వాడు. ఇంటికొచ్చి పెండ్లాంతో అన్నాడు, ఇవైతే గెలుస్తానే. ఆ ఒంటివంకర చక్రాలతో పోతే పల్టీ కొడతా, కాలన్నా పోతాది, ఎద్దన్నా పోతాది, ఊరంతా చారిని చూసి నవ్వుతాది. ఎద్దు మాట ఇని హుసేనమ్మ పోయి ఎర్రోని మెడ నిమిరింది. నువ్వు టైర్లతో గెలిస్తే మాత్రం ఆయప్ప బతుకు పైకొస్తాదా అని మెల్లగా అనింది. ఇద్దరూ తినకుండా పండుకున్నారంట.

మర్సనాడు ఏమైందంటే, టైర్లు రెడ్డి ఇంట్లో వదిలేసొచ్చి, చేనుకు ఎరువు తోలేదానికి మళ్లా చారి చక్రాలే కట్టినారు. హుసేనమ్మ బండి మీద కూచునింది, ముంత ఒళ్లో పెట్టుకుంటే కాలుతాండాదని కింద పెట్టింది. పోయేటప్పుడు బావికాడ బాట కుడికి తిరగతాది. ఉరుకుందు ఏదో కోపంలో బిరాన తిప్పినాడు. ముంత ఉన్నకాడనే ఉండె. కదల్లేదు. వచ్చేటప్పుడు అదే మలుపు ఎడమకు కదా, అప్పుడు ముంత ఎగిరి మిగిలిన గంజంతా ఆయమ్మ కోక మీద పోసింది, బండి చక్రమొగటి పైకి లేసింది. హుసేనమ్మ గంజి దులుపుకోలేదంట. అట్లే కూచోని ఆలోచన చేసింది. నిలబెట్టు బండి అనింది. మళ్లీ కుడికి తిప్పు అనింది. గట్టిగా తిప్పు. బండి లోపలికి ఒరిగి కోడి పొదిగినట్టు కూచునింది, లేవలేదు. ఇంకోసారి తిప్పు. మళ్లీ లేవలేదు. అప్పుడు అడిగిందంట, ఏమయ్యా, పందెంలో ఎడమకు తిరిగేది యాడన్నా ఉండాదా? లేదు, ఏడు కుండలూ కుడికే కదా అన్నాడు ఉరుకుందు. గట్టమ్మకు ఎవడన్నా అప్రదక్షిణం తిరుగుతాడా అనిందంట ఆయమ్మ. అంతే. ఆ మాటతో తేలిపోయింది ఏ చక్రాలు కట్టేదో.

ఇంక చూడు, జాతర దాకా చేనుకాడ ఇంటి కుండలు పెట్టి తిప్పినారు. నాలుగు కుండలు పగిలినాయి. అయిదోదానికి అత్తగారిచ్చిన పప్పుకుండ పెట్టింది హుసేనమ్మ, ఇది పగిలితే నువ్వు ఇంటికి రావాకు అనింది. అది పగల్లేదు.

జాతర దినం వచ్చె. తప్పెట పక్కనే మౌనాచారిని కూచోబెట్టినారు, పెద్దమనిషి కదా. ఆయనకు ఆ బయల్లో బండ్లు మసకమసకగా కదిలే మచ్చలే, కానీ పైకి చూస్తాండేట్టు తలకాయ తిప్పుతా ఉండాడు. మొదుట ఓబుల్రెడ్డి దిగినాడు. టైర్లకు పొద్దున్నే రాయి మాదిరి గాలి కొట్టించినాడు, బిగువుంటే బిరాన పోతాదని. నేరుగా పోయేకాడ ఆయన్ను పట్టేవాళ్లు లేరు. కుండకాడికి వచ్చేసరికే కథ మారె. ఆ టైర్లు లారీ కింద అరిగి అరిగి నున్నగా అయిపోయినవి, గరుసు మీద పట్టు లేదు. బిగువు గాలికి ఎగరతాది, ఎగిరి అడ్డంగా జారతాది. మూడో కుండ ఒలికె, ఆరోది ఒలికె. దెబ్బలు నూట తొంబై, రెండు కుండలకు ఇరవై, మొత్తం రెండొందల పది. అయినా మిగతా కట్టె బండ్లు ఏవీ దాన్ని అందుకోలా. పల్టీ కొడతామని భయపడి మెల్లగా తిప్పినారు, రెండొందల ముప్పై, రెండొందల నలబై. కాశిరెడ్డి గొంతు సవరించుకుంటాండాడు, ఇంక తీర్పు చెప్దామని.

అప్పుడు ఉరుకుందు దిగినాడు. దిగంగనే నవ్వినారు జనం. ఒరే ఉరుకుందా, నీ బండికి ఒంటిపక్క నిద్దరొచ్చిందేమిరా అని. వాడు పగ్గాలు బిగించినాడు. తప్పెట మొదులైంది. మొదటి కుండకు బండి వంగి తిరిగింది. కుడిచక్రం ఉన్నకాడ గిర్రున తిరిగితే ఎడమ చక్రం బయట పరిగెత్తింది, ఇనుప పట్టా గరుసును కొరుక్కుంటా పోయింది. రెండో కుండ. మూడోది. లెక్కపెట్టే జనం లెక్క మరిచిపోతే తప్పెటాయనే అరిచి అరిచి చెప్పినాడంట. హుసేనమ్మ చూడలేదు, కండ్లు మూసుకోని కొంగు నోట్లో కుక్కుకోని నిలబడింది. నాకు తెలిసి ఆయమ్మ ఎద్దుల కోసరం మొక్కుకునింది, మొగుని కోసరం తర్వాత. ఏడో కుండ తిరిగి బండి వెనక్కి వచ్చె. నూట తొంబై ఆరు. ఒగ కుండా తొణకలేదు. తుండుగుడ్డ ఉరుకుందుదే.

జనం ఊరుకుంటారా. అందరూ బండి మీద పడినారు. అప్పుడు కనిపెట్టినారు కుడిచక్రం కురచని. కనిపెట్టి ఏమనుకున్నారు? ఆహా, చారి బుర్ర చూడండప్పా, ప్రదక్షిణానికి తగ్గట్టు లోపలి చక్రం కురచ చేసినాడు, ఇన్నేండ్లు మనకు తట్టలా అన్నారు. కాశిరెడ్డి తన మెడలో పూలదండ తీసి చారి మెడలో వేసినాడు. ఊరి పని నీదే చారీ, నువ్వున్నన్ని దినాలు నీదే అన్నాడు. మౌనాచారికి బండి తిరుగుతాండంగనే తెలిసిపోయిందంట. కండ్లు పోయినా చెవులుండాయి కదా. రెండు చక్రాలు ఒగ రకంగా పలకడం లేదని మొదటి కుండకాడనే ఇన్నాడు. లేచి తడుముకుంటా బండికాడికి పోయినాడు. కుడిచక్రాన్ని చేత్తో కొలిచినాడు, ఎడమదాన్ని కొలిచినాడు. ఆ దండ తీసి బండి మీద పెట్టినాడు.

రెడ్డీ, ఇది నేను తెలిసి చేసింది కాదు అన్నాడంట. నాకు చూపు పోయింది. గాటు తప్పినా. ఈ పిల్లోళ్లు నాకు చెప్పకుండా దాచినారు. హుసేనమ్మ కొంగు నోట్లోనుంచి తీసి ముందుకొచ్చింది. అబద్ధం సామీ, మేమే చెప్పి చేయించుకున్నాం, తాతకు మతిమరుపు అనింది. చారి కాదంటాడు, ఈమె ఔనంటుంది, ఎవుర్ని నమ్మాల్నో కాశిరెడ్డికి తెలీక గడ్డం గోక్కుంటాండాడు. అప్పుడు ఓబుల్రెడ్డి, ఓడిపోయినోడు, ఆయనే ముందుకొచ్చి అడిగినాడు. అదంతా నాకెందుకు చారీ, వచ్చే జాతరకు నాకు ఇట్లాంటి జతే కావాల, చేయగలవా లేదా చెప్పు అని. చారి కురచ చక్రాన్ని ఇంకోసారి తడిమినాడంట. తడిమి అన్నాడు, చేస్తా రెడ్డీ. కానీ ఈ తప్పు మళ్లీ ఇట్లే రావాలంటే, ఈసారి సరిగ్గా కొలవాల.

మొదుట నవ్వింది హుసేనమ్మే. నవ్వుతానే ఏడ్చింది కూడా. దండ తీసుకోని మళ్లీ ముసలాయన మెడలో వేసింది, ఈసారి తియ్యలేదు.

జాతరైన అయిదో దినం పొద్దున్నే చారి ఉరుకుందు ఇంటి ముందర ఉండాడు. చేతిలో దారం. అమ్మే, నీ కండ్లు కాసేపు ఇయ్యి అన్నాడు. ఆమె ఎడమ చక్రాన్ని కొలిచి దారానికి ముడేసింది, కురచదాన్ని కొలిచి జంట ముడేసింది. కాడికి ఒగటి, తలుపుకు ఒగటి, అన్నిటికీ ముళ్లే. గాట్ల కట్టెపుల్ల పొయ్యిలో పెట్టినాడు. కండ్లు చూడాల్సిన పని ఇంక వేళ్లకు అప్పజెప్పినాడు. ఆ దారంతో మొదుట చేసిందేమి, ఉరుకుందుకు మూడో చక్రం, ఎడమదానికి సరిజోడు. ఎరువు తోలేదానికి, చెనక్కాయలు తోలేదానికి అది. కురచది జాతరకే. ఇంకా పదేండ్లు పనిచేసినాడంట ఆ దారంతో, ఒగ గాటూ తప్పలేదు, గాట్లుంటే కదా తప్పేది.

మరి కురచ చక్రం మిగతా దినాలు ఏం చేసిందంటారా. హుసేనమ్మ దాన్ని కోళ్లగూటికి మూతేసింది. ఏడాదికొగ దినం పసుపూ కుంకుమా పెట్టి పందానికి తీసేది, మిగతా దినాలు కోళ్లు దానిమీదెక్కి కూసేవి. టైర్లు తర్వాత అందరికీ వచ్చినాయి, నేనూ తోలినా, ఎరువుకు మంచివే. నేను చేసిన తప్పులుండాయి చూడు, వాట్లలో ఒగదానికీ ఇంతవరకూ పని దొరకలేదు, కోళ్లగూటికి మూతకు కూడా పనికిరాలేదు. సరే లే. మీ చేటలు చూపీండి. నేను ఉరుకుందు అని మొదులుపెట్టినప్పుడు ఎన్ని చెనక్కాయలుండాయో, ఇప్పుడూ అన్నే ఉండాయి.