ప్రకటనలో పనికిరాని మాటలు

కొడుకు నిన్నటి నుంచి ఇంటికి రాలేదు. వాడి గురించి పోలీసులు పేపరుకిచ్చే ప్రకటనను స్టేషను రైటరు చదివి వినిపిస్తుంటే, తల్లి కుర్చీ అంచున కూర్చుని ఒక్కో మాటకీ ఉలిక్కిపడుతోంది.

“‘చివరిసారిగా బస్టాండులో కనిపించాడు’...”

“చివరిసారేమిటి నాయనా, అశుభం. ‘మొన్నీమధ్య’ అనండి.”

“నిన్ననే కదమ్మా కనిపించింది.”

“అయితే ‘నిన్న’ అని ఊరుకోండి.”

“సరే. ‘బక్కపలచగా ఉంటాడు’...”

“తిండి పెట్టని తల్లి అనుకుంటారు. ‘సన్నగా, ఆరోగ్యంగా’ అని పెట్టండి.”

“‘ఆచూకీ తెలియడం లేదు’...”

“ఆ మాట వింటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ‘ఇంకా ఇంటికి రాలేదు’ అంటే సరిపోదూ?”

“పోనీ, ‘గాలిస్తున్నాం’ ఉంచనా?”

“గాలించేది చెరువుల్లో. మీకేదో తెలిసి నా దగ్గర దాస్తున్నారా?”

“ఒట్టు, ఏమీ తెలియదమ్మా. ‘చూస్తున్నాం’ అంటాను.”

కొట్టివేతలన్నీ సరిచేసి రైటరు మళ్ళీ చదివాడు.

“‘ఈ అబ్బాయి నిన్న బస్టాండులో కనిపించాడు. సన్నగా, ఆరోగ్యంగా ఉన్నాడు. ఇంకా ఇంటికి రాలేదు. చూస్తున్నాం.’”

“హమ్మయ్య, ఇప్పుడు ప్రాణం కుదుటపడింది.”

“నాకూ కుదుటపడిందమ్మా. అదే చిక్కు. చదివినవాడు కూడా ‘కులాసాగా ఉన్నాడట, సంతోషం’ అనుకుని పేజీ తిప్పేస్తాడు.”

ఆమె కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది.

“కొట్టేసినవన్నీ తిరిగి రాసెయ్యండి నాయనా. నేనొక్కదాన్నే భయపడితే వాడు దొరకడు.”