పెద్ద జట్టు పిలుపు

అమెరికాలోని అయోవాలో, ఓ పెద్ద బేస్‌బాల్ జట్టుకి ఆటగాళ్లని తయారుచేసే చిన్న జట్టు మైదానం. ఆట మధ్యలో యాదియెల్‌ని బయటికి పిలిచేసరికి, వేసవంతా ఆ కుర్రాడికి తమ ఇంట్లో గదిచ్చిన ఆవిడ కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడింది. పక్కనున్న మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

“దెబ్బ తగిలిందంటావా?”

“దెబ్బ తగిలితే అందరూ నవ్వుతూ కావలించుకుంటారా? పెద్ద జట్టు నుంచి పిలుపొచ్చిందే పిచ్చిమొహమా.”

“ఇవాళే వెళ్లిపోతాడా? వాడికని గిన్నెడు చికెన్ వండాను.”

“వాడు పెద్ద జట్టుకెళ్లాలని పొద్దున చర్చిలో ప్రార్థన చేసింది నువ్వే కదా?”

“చేశాను. దేవుడు ఇంత తొందరగా వింటాడనుకోలేదు.”

“ఇటే వస్తున్నాడు. మనింటి తాళంచెవి తిరిగిస్తాడు కాబోలు, చెయ్యి చాపు.”

“చాపను. ఉంచుకోమను.”

“ఉంచుకుంటే అపశకునమై మళ్లీ ఇక్కడికే తోలేస్తారని భయపడి చస్తాడు. తీసుకో.”

“సరే, తీసుకుంటాను. వెనక తలుపు మాత్రం గడియ పెట్టను.”